'నిత్య' అనే ఒక్క మాట కోసం



నరకాన్ని గూర్చిన బోధ కొన్ని కూటాల్లో ప్రతి రాత్రీ వినబడుతుంది. కొన్ని సంఘాల్లో ఏళ్ల తరబడి ఆ మాటే రాదు. అయితే ఏ సంఘంలోనైనా సమాధి కార్యక్రమం ముగిసిన తర్వాత ఎవరో ఒకరు కాపరి దగ్గరికి వచ్చి, బాప్తిస్మం తీసుకోకుండానే కన్నుమూసిన తమ తండ్రి ఇప్పుడు ఎక్కడ ఉన్నాడని నెమ్మదిగా అడుగుతారు. మొదటి తరంలో, రెండవ తరంలో ప్రభువును నమ్ముకున్న కుటుంబాలు ఎక్కువగా ఉన్న మన తెలుగు సంఘాల్లో ఈ ప్రశ్న పుస్తకాలకు సంబంధించినది కాదు, ఇంటికి సంబంధించినది. అలాంటి మనిషి ఎదురుగా నిలబడినప్పుడే, నరకం గూర్చి మనం నిజంగా ఏమి నమ్ముతున్నామో మనకే తెలుస్తుంది.

ఇదే ప్రశ్నను చిన్నతనంలో తన ఇంట్లోనే ఎదుర్కొని, పెద్దయ్యాక దానికి తన మనస్సాక్షి ప్రకారం జవాబు రాసి, ఆ జవాబు వల్ల పదవి పోగొట్టుకున్న దైవసేవకుడు ఒకరున్నారు. ఆయన పేరు ఫ్రెడరిక్ డెనిసన్ మారిస్. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఆయన పేరు తెలియని సంఘం లేదు. నేడు మన విశ్వాసుల్లో ఆ పేరు విన్నవారు తక్కువ. ఈ వారం ఆయన జీవితాన్ని ధ్యానిద్దాం.

ఒకే ఇంట్లో వేరువేరు విశ్వాసాలు

మారిస్ 1805 ఆగస్టు 29న ఇంగ్లండు తూర్పు తీరంలోని లోవెస్టాఫ్ట్ పట్టణం దగ్గర నార్మన్‌స్టన్‌లో పుట్టారు. తండ్రి మైఖేల్ మారిస్ యూనిటేరియన్ కాపరి. యూనిటేరియన్లు త్రిత్వాన్ని ఒప్పుకోరు. దేవుడు అందరికీ తండ్రి అని బోధిస్తారు గాని, యేసుప్రభువు తండ్రితో సమానుడైన దేవుడని అంగీకరించరు. ఆ తర్వాత కుటుంబం బ్రిస్టల్ దగ్గర ఫ్రెంచే అనే ఊరికి మారింది.

ఆ ఇంట్లో ఒక విచిత్రం జరిగింది. మారిస్ అక్కలు ఒకరి తర్వాత ఒకరు తండ్రి బోధను విడిచిపెట్టారు. తండ్రి ప్రసంగించే ఆరాధనకు ఇక రాలేమని ఆయనకు తెలియజేశారు. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేక, ఒకే కప్పు కింద ఉంటూ ఉత్తరాలు రాసుకున్నారు. కొన్నాళ్లకు తల్లి ప్రిసిల్లా కూడా భర్తకు అలాంటి ఉత్తరమే రాసింది. ఒక కాపరికి తన ఇల్లే తన సంఘాన్ని వదిలిపోవడం ఎంత వేదనో వేరే చెప్పనక్కరలేదు.

తల్లి చేరుకున్నది కఠినమైన కాల్వినిస్టు విశ్వాసం. దేవుడు జగత్తు పునాదికి ముందే కొందరిని రక్షణకు ఏర్పరచుకున్నాడని ఆమె నమ్మింది. ఆ ఏర్పాటు అందరికీ కాదని కూడా నమ్మింది. కాని ఏర్పరచబడినవారిలో తాను ఉన్నానని మాత్రం ఆమె ఎన్నడూ నమ్మలేకపోయింది. ప్రార్థించే స్త్రీ, బైబిలు చదివే స్త్రీ, బిడ్డలను దైవభక్తిలో పెంచిన స్త్రీ, దేవుని తలుపు తనకు మూసి ఉందేమో అనే భయంతో బ్రతికింది. మారిస్ ఆ తల్లి ఒడిలో పెరిగారు. ఆయన తర్వాత రాసిన వేదాంత గ్రంథాలన్నిటి వెనుక ఈ ఇంటిని చూడాలి. తండ్రి బోధలో దేవుని ప్రేమ ఉంది గాని, ఆ ప్రేమ మనుష్యుల మధ్యకు దిగివచ్చిన కుమారుడు లేడు. తల్లి బోధలో కుమారుడు ఉన్నాడు గాని, ఆ కుమారుడు తనకోసం వచ్చాడనే ధైర్యం లేదు.

సంతకం పెట్టని విద్యార్థి

1823లో మారిస్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరారు. చదువులో రాణించారు. కాని ఆ రోజుల్లో అక్కడ పట్టా కావాలంటే ఆంగ్లికన్ సంఘపు 39 విశ్వాస సూత్రాలను అంగీకరించాలి. ఆంగ్లికన్ సంఘమంటే, 1947లో మన దక్షిణ ఇండియా సంఘంలో ఐక్యమైన సంఘాల్లో ఒకటి. అప్పటికి మారిస్ ఆ సూత్రాలను నమ్మే స్థితిలో లేరు. నమ్మని దానికి ఒప్పుకోలేక, పట్టా లేకుండానే బయటికి వచ్చారు.

లండన్‌లో కొంతకాలం పత్రికల్లో పనిచేశారు. అథీనియం అనే వారపత్రికకు సంపాదకత్వం వహించారు. ఆ తర్వాత ఆయన మనసు మెల్లగా మారింది. ఆక్స్‌ఫర్డులో మళ్లీ విద్యార్థిగా చేరి, 1831లో ఆంగ్లికన్ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నారు. అదే సంవత్సరం ఆయన ఎంతో ప్రేమించిన సోదరి ఎమ్మా మరణించింది. 1834లో గురుత్వపు అభిషేకం పొంది, బబెన్‌హాల్ అనే పల్లెలో సహాయ గురువుగా సేవ మొదలుపెట్టారు. తాను నమ్మకపోతే సంతకం పెట్టని మనిషి, నమ్మిన తర్వాత ఆ సంఘాన్ని జీవితాంతం విడిచిపెట్టలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత ఆయనను సంఘ విశ్వాసానికి విరోధి అన్నవారు ఈ సంగతినే మరిచిపోయారు.

1836లో ఆయన లండన్‌లోని గైస్ ఆసుపత్రికి చాప్లిన్‌గా వెళ్లారు. అది బీదల ఆసుపత్రి. రోజూ వార్డుల్లో తిరుగుతూ, చావుబ్రతుకుల్లో ఉన్నవారి పక్కన కూర్చుని వాక్యం చదివేవారు. అక్కడ ఉండగానే 1838లో క్రీస్తు రాజ్యం అనే గ్రంథం వెలువరించారు. అందులో ఆయన బోధకు మూలం కనబడుతుంది. క్రీస్తు ప్రతి మనిషికీ శిరస్సు. మనిషి దానిని ఎరిగినా ఎరుగకపోయినా అది సత్యం. బాప్తిస్మం ఆ సత్యాన్ని ప్రకటిస్తుంది. పాపమంటే ఆ సత్యానికి విరుద్ధంగా, తాను ఒంటరివాడినన్నట్టు బ్రతకడం. దేవుడు నన్ను ఏర్పరచుకున్నాడో లేదో అని తన హృదయంలోకి తొంగిచూసుకుంటూ కుమిలిపోయే మనిషితో, లోపలికి చూడడం మాని క్రీస్తువైపు చూడమని చెప్పే బోధ ఇది. ఆయన తల్లికి కావలసిన మాట ఇదే.

బీదల పక్షం

1840లో ఆయన లండన్ కింగ్స్ కాలేజీలో ఆంగ్ల సాహిత్యం, చరిత్ర బోధించే ఆచార్యులయ్యారు. 1846లో అక్కడే వేదాంతశాస్త్ర ఆచార్య పదవి కూడా వచ్చింది. అదే సంవత్సరం న్యాయవాదుల సంస్థ అయిన లింకన్స్ ఇన్‌లో చాప్లిన్‌గా నియమితులయ్యారు. మధ్యలో 1845లో ఆయన భార్య అన్నా ఇద్దరు చిన్న కొడుకులను విడిచి ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది.

1848 ఐరోపా అంతటా అలజడి రేగిన సంవత్సరం. లండన్‌లో కార్మికులు ఓటుహక్కు కోసం ఉద్యమిస్తున్నారు. సంఘ నాయకుల్లో చాలామంది భయపడి తలుపులు వేసుకున్న ఆ రోజుల్లో మారిస్, చార్లెస్ కింగ్స్‌లీ, జాన్ లడ్‌లో కలిసి కార్మికుల కోసం ఒక చిన్న పత్రిక ప్రారంభించారు. మే నుండి జూలై వరకే నడిచినా అది ఒక ఉద్యమానికి విత్తనమైంది. క్రైస్తవ సోషలిజం అని పేరుపడిన ఆ ఉద్యమంలో కుట్టుపనివారి సహకార సంఘాలు వెలిశాయి. అదే సంవత్సరం ఆడపిల్లలకు ఉన్నత విద్య చెప్పడానికి లండన్‌లో క్వీన్స్ కాలేజీ స్థాపించారు. పిల్లలకు చదువు చెప్పి పొట్టపోసుకునే బీద ఉపాధ్యాయినులు కూడా మంచి విద్య పొందాలనేది ఆ కాలేజీ పుట్టుకకు ఒక కారణం.

ఈ పనులు కొందరు పెద్దలకు నచ్చలేదు. కొన్ని మతపత్రికలు ఆయన మీద వరుసగా దాడి చేశాయి. నరకం గూర్చిన వివాదం మొదలయ్యే నాటికే ఆయన మీద అనుమానం పేరుకుపోయి ఉంది. సంఘ చరిత్రలో సిద్ధాంత వివాదాలు చాలాసార్లు ఇలాగే జరిగాయి. మనిషి మీద ముందే కోపం ఉంటుంది. సిద్ధాంతం ఆ తర్వాత దొరుకుతుంది.

1853

ఆ సంవత్సరం మారిస్ వేదాంత వ్యాసాలు అనే పుస్తకం వెలువడింది. ముఖ్యంగా తన తండ్రి సంఘమైన యూనిటేరియన్లను మనసులో పెట్టుకుని దానిని రాశారు. మిత్రుడైన కవి టెన్నిసన్‌కు దానిని అంకితమిచ్చారు. చివరి వ్యాసం నిత్యజీవం, నిత్యమరణం అనే విషయం మీద. తుఫాను రేగింది అక్కడే.

మారిస్ చెప్పినది ఇది. బైబిలులో నిత్య అనే మాటకు అంతులేనంత పొడవైన కాలం అని మాత్రమే అర్థం చెప్పుకుంటే పొరపాటు. దేవుడు నిత్యుడు అంటే ఆయనకు వయస్సు చాలా ఎక్కువ అని అర్థం కాదు. ఆయన కాలానికి అతీతుడు అని అర్థం. నిత్యజీవం అంటే ఏమిటో ప్రభువే యోహాను 17:3లో నిర్వచించాడు: అది తండ్రిని, ఆయన పంపిన కుమారుని ఎరుగుట. అలాగైతే నిత్యమరణం అంటే ఆ దేవుణ్ణి ఎరుగకుండా, ప్రేమకు బయట, తన స్వార్థంలో తాను బందీయై ఉండడం. అది చనిపోయాక మొదలయ్యే సంగతి మాత్రమే కాదు, ఇప్పుడే, ఇక్కడే మనిషి అందులో పడిపోగలడు. పాపానికి వచ్చే శిక్షల్లో అన్నిటికంటే భయంకరమైన శిక్ష పాపంలోనే విడిచిపెట్టబడడం.

మరి చివరికి అందరూ రక్షింపబడతారా? ఈ ప్రశ్నకు మారిస్ అవునని చెప్పలేదు. మనిషి చిత్తం దేవుణ్ణి ఎదిరించగలదని ఆయనకు తెలుసు. తన హృదయంలోనే ఆ ఎదిరింపును చూశానని ఒప్పుకున్నారు. కాని దేవుని ప్రేమకు ఇక్కడ హద్దు అని గీత గీయడానికి ఆయన సాహసించలేదు. మరణపు అగాధం ఎంత లోతైనదైనా ప్రేమ అంతకంటే లోతైనదని నమ్మి, మిగతాది దేవునికి అప్పగించారు.

కాలేజీ ప్రిన్సిపాల్ డాక్టర్ జెల్ఫ్‌కు ఇది నచ్చలేదు. ఆయనను చెడ్డవాడిగా చిత్రించడం న్యాయం కాదు. ఆయన అడిగిన ప్రశ్నలు బరువైనవి. మత్తయి 25:46లో శిక్షకూ జీవానికీ ప్రభువు ఒకే విశేషణం వాడాడు. మన తెలుగు బైబిలులో కూడా రెండుచోట్లా నిత్య అనే మాటే ఉంది. శిక్ష నుండి అంతులేనితనాన్ని తీసివేస్తే, జీవం నుండి కూడా తీసివేసినట్టు కాదా? ఇది కొత్త వాదన కాదు. ఓరిజెన్ వంటివారు చివరికి సమస్తమూ దేవునితో సమాధానపడుతుందని నిరీక్షించినప్పుడు, అగస్టీను అదే వచనం చూపి జవాబిచ్చాడు. పైగా జెల్ఫ్ బాధ్యత గురుత్వానికి సిద్ధపడే యువకుల విషయంలో. భయం తీసివేస్తే మనుష్యులు పాపంలో స్థిరపడిపోతారేమో అన్నది ఆయన ఆందోళన.

మారిస్ జవాబు సూటిగా ఉంది. తాను కూడా రెండుచోట్లా ఆ మాటకు ఒకే అర్థం ఇస్తున్నానన్నారు. జీవం దేవునితో సంబంధమైతే, శిక్ష ఆ సంబంధం పోగొట్టుకోవడం. అంతేకాదు, సంఘ చరిత్ర కూడా చూపించారు. 1553లో ఆంగ్లికన్ సంఘానికి 42 సూత్రాలుండేవి. అందరూ చివరికి రక్షింపబడతారనే బోధను ఖండించినది వాటిలో చివరిది. 1563లో సూత్రాలను సవరించినప్పుడు సంఘం దానిని తీసివేసింది. సంఘమే వదిలేసిన నిబంధనను ఇప్పుడు ఒక ఆచార్యుని మెడకు కట్టడం ఏ న్యాయం?

1853 అక్టోబరు 27న పాలకమండలి సమావేశమైంది. ఆయన బోధ ప్రమాదకరమైనదనీ, విద్యార్థుల మనసులను కలవరపెడుతుందనీ తీర్మానించింది. సభ్యుల్లో ఒకరైన గ్లాడ్‌స్టన్, తర్వాత ఇంగ్లండు ప్రధానమంత్రి అయినవాడు, తొందరపడవద్దనీ, వేదాంత పండితులతో విచారణ జరిపించాలనీ సవరణ ప్రతిపాదించాడు. అది వీగిపోయింది. మారిస్ రెండు ఆచార్య పదవులూ పోయాయి. సాహిత్య చరిత్రలు బోధించే పదవికీ నరకానికీ సంబంధం ఏమిటని అడిగినవారు లేకపోలేదు.

పదవి పోయిన తర్వాత

ఆయన వేరు సంఘం పెట్టలేదు. తనను తీసివేసినవారి మీద పత్రిక నడపలేదు. లింకన్స్ ఇన్‌లో ప్రసంగాలు కొనసాగించారు. మరుసటి సంవత్సరం, 1854లో, లండన్ కార్మికులతో కలిసి వర్కింగ్ మెన్స్ కాలేజీ ప్రారంభించి దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. పగలంతా పనిచేసి అలసిపోయిన వడ్రంగులు, అచ్చు కార్మికులు సాయంత్రాలు అక్కడ చదువుకునేవారు. పేరుపొందిన రచయిత జాన్ రస్కిన్ వారికి చిత్రలేఖనం నేర్పాడు.

వివాదం మాత్రం ఆగలేదు. 1864లో హెచ్.బి. విల్సన్ అనే గురువు మీద ఇదే అంశంలో వేసిన వ్యాజ్యం ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. అంతులేని శిక్షను ప్రతి గురువూ బోధించి తీరాలని సంఘ సూత్రాల్లో లేదని న్యాయమూర్తులు తేల్చారు. దానికి వ్యతిరేకంగా సుమారు 11,000 మంది గురువులు ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. 1877లో, కింగ్స్ కాలేజీలో మారిస్ శిష్యుడూ బొంబాయిలో పుట్టినవాడూ అయిన ఫ్రెడరిక్ ఫరార్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఇదే అంశం మీద ప్రసంగాలు చేయగా, ఆక్స్‌ఫర్డు పండితుడు పూసీ ఒక గ్రంథమే రాసి జవాబిచ్చాడు. ఇరువైపులా ప్రార్థనాపరులే ఉన్నారు. ఇరువైపులా బైబిలు తెరిచే మాట్లాడారు.

1866లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం మారిస్‌ను ఆచార్యునిగా పిలిచింది. యువకుడిగా పట్టా లేకుండా విడిచివెళ్లిన చోటికే అరవై ఏళ్లు దాటాక గురువుగా తిరిగివచ్చారు. 1872 ఏప్రిల్ 1న, ఈస్టరు మరునాడు, ఆయన కన్నుమూశారు. మాట తడబడుతున్న ఆ చివరి గడియలో ఒక్కసారి శక్తి కూడగట్టుకుని, ఆరాధన ముగింపులో గురువు పలికే ఆశీర్వచనాన్ని స్పష్టంగా పలికారు. ఆ తర్వాత మరి మాట్లాడలేదు. లండన్ హైగేట్‌లో ఆయనను సమాధి చేశారు. కాలం గడిచాక, ఆయనను తొలగించిన కింగ్స్ కాలేజీయే ఆయన పేరుతో ఒక ఆచార్య పీఠాన్ని ఏర్పాటు చేసింది.

మనకు ఏమి బోధ?

మారిస్ చెప్పినదంతా మనం ఒప్పుకోవాలని ఈ సంపాదకీయం ఉద్దేశం కాదు. నిత్య అనే మాటలో కాలం లెక్క అసలే లేదని ఆయన అన్నంత గట్టిగా అనడం కష్టం. ప్రభువు నరకాన్ని గూర్చి మాట్లాడినప్పుడు ఆయన గొంతులో ఉన్న హెచ్చరికను మనం తగ్గించకూడదు. తలుపు మూయబడుతుందని చెప్పినవాడు ప్రభువే. తీర్పు లేదని బోధించే సువార్త సువార్త కాదు. అణచబడినవారికి, అన్యాయమైపోయినవారికి తీర్పు ఉందన్నదే ఆశ.

కాని మారిస్ జీవితం మనకు ఒక హద్దు చూపిస్తుంది. నరకం ఉందని చెప్పడానికి మనకు వాక్యపు అధికారం ఉంది. నరకంలో ఎవరున్నారో జాబితా చదవడానికి ఏ అధికారమూ లేదు. ఈ రెండింటి మధ్య తేడా మరిచిపోయినప్పుడు మన ప్రసంగం ఎవరిని గాయపరుస్తుందో ఆలోచించండి. నిర్లక్ష్యంగా బ్రతికేవాడు భయపెట్టే ప్రసంగం విని నవ్వుకుంటూ ఇంటికి పోతాడు. ఆ రాత్రి నిద్రపట్టనిది ప్రిసిల్లా మారిస్ వంటి తల్లికి. తన బిడ్డ ఆత్మహత్య చేసుకున్న తండ్రికి. బాప్తిస్మపు నీళ్లు చేరకముందే పసిబిడ్డను పోగొట్టుకున్న ఇంటికి. విగ్రహాలకు మొక్కుతూనే తనను ప్రేమతో పెంచిన నాయనమ్మను తలచుకునే విశ్వాసికి.

కాపరులకు ఒక మనవి. సమాధి దగ్గర ప్రసంగించేటప్పుడు చనిపోయినవారి గమ్యాన్ని తీర్పు తీర్చే పని మనది కాదు. రక్షింపబడ్డారని తేలికగా ప్రకటించడం కూడా మనది కాదు. బ్రతికున్నవారికి క్రీస్తును చూపించడం మనది. సర్వలోకానికి తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా అని అబ్రాహాము సొదొమ కోసం వేడుకున్నప్పుడు దేవుడు ఆయన నోరు మూయించలేదు, ఆ బేరాన్ని ఓపికగా విన్నాడు. తీర్పును నమ్మే మనిషి ప్రార్థనలో ఎక్కువ కాలం గడపాలి గాని, వేలెత్తి చూపడంలో కాదు.

మీలో ఎవరైనా ఆ తల్లివలె, దేవుడు నన్ను విడిచిపెట్టాడేమో అనే భయంతో రాత్రులు గడుపుతుంటే, ఈ మాట మీకోసమే. మిమ్మును మీరు పరీక్షించుకుంటూ దొరకని నిశ్చయత కోసం అలసిపోకండి. సిలువ మీద చేతులు చాచినవాని వైపు చూడండి. మీరు ప్రేమించి పోగొట్టుకున్నవారిని కూడా ఆ చేతులకే అప్పగించండి. అవి మీ చేతులకంటే బలమైనవి, మీ ప్రేమకంటే ఎక్కువ ప్రేమించినవి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.